సుమారు అరవై

సఫీ,
శుక్రవారం, మధ్యాహ్నం నమాజు తర్వాత.

అమ్మకు,

నీ పెద్దకూతురు రఖియా నీ కుడిచేతిని ముద్దుపెట్టుకుని కళ్ళకద్దుకుని రాస్తున్న ఉత్తరం. దేవుని దయవల్ల ఇక్కడ నేనూ, నీ అల్లుడు బ్రాహిమూ కులాసాగా ఉన్నాం. ఈ మాట ప్రతి ఉత్తరంలోనూ రాస్తూనే ఉన్నాను గానీ, ఈసారి రాస్తుంటే చేయి తేలిగ్గా ఉంది. అక్కడ తీజ్నీత్‌లో నువ్వూ, చెల్లీ, మరిదిగారూ, చంటిదీ సుఖంగా ఉన్నారని తలుస్తాను.

ఫాద్మా, ఎప్పటిలాగే అమ్మ కుడిచెవి పక్కన కూర్చుని గట్టిగా, నిదానంగా చదువు. ఉత్తరం పెద్దది. టీ పెట్టుకుని మొదలుపెట్టు.

అమ్మా, నువ్వు పంపిన అర్గాన్ నూనె అందింది. సీసా మూత కొంచెం కారి, సంచిలోని బాదంపప్పు అంతా నూనె తాగేసింది. బ్రాహిం ఆ పప్పే ఎక్కువ బాగుందని ఒక్కడే తినేశాడు. సిగరెట్లు మానాడా అని అడిగావు. పాఠాలు చెప్పే బడిలో మానాడు, ఇంట్లో మానాడు, ఆ రెంటికీ మధ్య ఉన్న దారిలో ఇంకా మానలేదు. నీ మోకాళ్ళకు డాక్టరు రాసిన మందు వాడుతున్నావో లేదో నువ్వు రాయించలేదు. అంటే వాడటం లేదని అర్థం చేసుకున్నాను.

చంటిదాని ఏడోరోజు పేరుపెట్టే విందుకు ఎందుకు రాలేదని మళ్ళీ అడిగావు. "మేక మెడ మీద కత్తి పెట్టేదాకా వాకిట్లోనే చూశాను, నీ కోర్టు నీకు మీ చెల్లెలి బిడ్డకంటే ఎక్కువైపోయింది" అని రాయించావు. దానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను. ముందు నీ రెండో ప్రశ్నకు చెప్పనీ, ఎందుకంటే ఇది చెప్పకపోతే అది అర్థం కాదు.

"మీ ఊళ్ళో విషపు కుండలు చేసేవాణ్ణి పట్టుకున్నారట, వాడి తరఫున నువ్వు నిలబడ్డావట, నీకెందుకే అలాంటివాళ్ళు" అన్నావు. ఆ మనిషి పేరు బూషయిబ్. పనిలో ఆరితేరినవాడని నాన్నను మన ఊళ్ళో తాపీ మాలెం అన్నట్టే, ఇక్కడ కుండలగుట్ట మీద ఈయన్ను కుండల మాలెం అంటారు. అరవై దాటినవాడు. నీ దగ్గరున్న కుస్‌కుస్ వడ్డించుకునే నీలిపూల పళ్ళెం ఆయన చేతిదే. ఆ నీలం దేనితో వస్తుందో మనమెప్పుడూ అడగలేదు. అది కోబాల్ట్ అనే లోహపు పొడితో వస్తుంది. డబ్బాలో ఉన్నప్పుడు మసిలా నల్లగా ఉంటుంది, బట్టీలో కాలాక నీలమవుతుంది. కుండలగుట్ట మీద అందరూ వాడేదే.

పోయిన చలికాలంలో ఆయన స్పెయిన్ నుంచి ఒక డబ్బా తెప్పించాడు. దానిమీద అంటించిన చీటీలో కోబాల్ట్ అని, కింద పరమాణు భారం 58.93 అని అచ్చువేసి ఉంది. రేవులో ఉన్న ఒక అధికారికి కొద్దిరోజుల ముందే ప్రమాదకరమైన పదార్థాల గురించి పాఠం చెప్పారట. అందులో కోబాల్ట్-60 అనేది ఉంది. అది మనుషుల్ని చంపగల రేడియోధార్మిక పదార్థం. ఆయన చీటీ చూశాడు, భయపడ్డాడు, డబ్బా పట్టుకున్నాడు. అందులో ఆయన తప్పు నాకేమీ కనిపించదు. భయపడటం ఆయన పని. తన నివేదికలో "పరమాణు భారం సుమారు అరవై గల కోబాల్ట్" అని రాశాడు. ఆ నివేదిక చూసి పైవాళ్ళు ఇంకొకటి రాశారు. అందులో "పరమాణు భారం" పోయింది. మూడోది రాసేసరికి "సుమారు" కూడా రాలిపోయింది. కోర్టుకు వచ్చిన అభియోగపత్రంలో నిక్కచ్చిగా "కోబాల్ట్-60" అనే ఉంది. అనుమతి లేకుండా రేడియోధార్మిక పదార్థాన్ని దేశంలోకి తెచ్చిన నేరం. రుజువైతే ఆయన మిగతా బతుకంతా జైలే.

డబ్బాను ఎవరైనా తెరిచి పరీక్షించారా అంటే, లేదు. ప్రమాదకరమని సీలు వేసి ఒక గోదాములో పెట్టారు. ప్రమాదకరం కనుక ఎవరూ దాని దగ్గరికి వెళ్ళలేదు. ఎవరూ వెళ్ళలేదు కనుక అది ప్రమాదకరంగానే ఉండిపోయింది.

మాలెం భార్య తామూ నా దగ్గరికి వచ్చింది. నా ఆఫీసు గుమ్మంలోనే నిలబడి, "లోపలికి రమ్మంటారా, ఇక్కడి నుంచే చెప్పమంటారా?" అని అడిగింది.

"అదేం ప్రశ్నమ్మా? రండి, కూర్చోండి" అన్నాను.

"ఏమో వకీలమ్మా, అందరూ గుమ్మంలోనే మాట్లాడి పంపేస్తున్నారు మరి. వీధి పొయ్యివాడు మా రొట్టెల పలక ముట్టుకోనంటున్నాడు. ముప్పై ఏళ్ళుగా వాడి పొయ్యిలోనే కాల్చుకున్నాం. వాడి పెళ్ళి పళ్ళేలు మా ఇంటివే. 'తామూ, నీ రొట్టె పక్కన వేరేవాళ్ళ రొట్టె పెట్టలేను, జనం ఒప్పుకోరు' అన్నాడు. పక్కింటావిడ మా పళ్ళెం తెచ్చి మా గుమ్మం ముందే బద్దలుకొట్టి పోయింది. ఇంట్లో పగలగొట్టుకుంటే ముక్కలు తనే ఏరుకోవాలిగా!"

ఆ చివరిమాట అని ఆమె నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. అప్పుడే నేను కేసు ఒప్పుకున్నాను, అమ్మా. నువ్వున్నా ఒప్పుకోమనే అనేదానివి.

తర్వాత మాలెంను చూడటానికి జైలుకు వెళ్ళాను. గదిలో బల్లకు అటూ ఇటూ రెండు కుర్చీలు వేశారు. నేను నా కుర్చీని గోడదాకా వెనక్కి జరుపుకుని కూర్చున్నాను. ఆయన దాన్నే చూశాడు.

"మీరు కూడానా, వకీలమ్మా?" అన్నాడు.

"ఏమిటి మాలెం?"

"నా మీద ఏదో అంటుకుని ఉందని మీరు కూడా నమ్ముతున్నారు. పర్లేదులెండి. అంత దూరం నుంచి వాదించినా జడ్జిగారికి వినపడితే చాలు."

"మీరనుకుంటున్న కారణం కాదు" అని మాత్రం అన్నాను. ఆయన నమ్మలేదు. ఆ రోజు బయటికొచ్చి ఒంటరిగా ఇంటికి నడుస్తుంటే ఎంత బాధేసిందో నీకు చెప్పలేను.

ఆయనకు బెయిలు అడిగితే కాగితంలో కోబాల్ట్-60 అని ఉంది కదా అని ఇవ్వలేదు. నాకు ఒక్క విషయం మాత్రం గట్టిగా తెలుసు. ఒక మూలకం పేరు చెబితే సరిపోదు, దాని పక్కన అంకె చెప్పాలి. అంకె మారితే పదార్థం స్వభావమే మారిపోతుంది. ఇది చట్టం చదివినప్పుడు తెలుసుకున్నది కాదు. రబాతులో పెద్దాసుపత్రిలో డాక్టర్ లుబ్నా తాజీ అని ఒకావిడ ఉన్నారు, రేడియేషన్ శాస్త్రం ఆవిడ పని. ఆవిడ నాకు నేర్పారు. ఆవిడతో పరిచయం ఎలా అయిందో కొంచెం ఆగి చెబుతాను. ఫోను చేసి సంగతంతా చెప్పాను.

"58.93 చూసి అరవై అన్నారా? నేను వస్తాను. రైలు ఎన్నింటికి?" అన్నారావిడ. అంతే. ఫీజు మాట, తీరిక మాట, ఏమీ లేదు.

విచారణ రోజు కోర్టు కిక్కిరిసిపోయింది. ప్రభుత్వ న్యాయవాది చెడ్డవాడేమీ కాదు, పదునైనవాడు. డాక్టరమ్మ బోనులో నిలబడి ముందు ఐసోటోపు అంటే ఏమిటో చెప్పారు.

"ఒకే ఇంటిపేరున్న అన్నదమ్ముల్లాంటివండీ. పైకి ఒకేలా ఉంటారు, పని ఒకేలా చేస్తారు. లోపల బరువులో తేడా. కోబాల్ట్ అనేది ఇంటిపేరు. 59 ఒకడు, 60 ఇంకొకడు. 59 నేలలో దొరుకుతాడు, ఎవరి జోలికీ పోడు. 60ని మనుషులే రియాక్టరులో తయారుచేస్తారు, వాడిలోంచి కిరణాలు వస్తాయి. ఇంటిపేరు మాత్రం చూసి వారంటు ఇస్తే మీరు ఎవర్ని పట్టుకొస్తారు?"

జడ్జిగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "మా కోర్టులో అది జరగని పని కాదు. చెప్పండి" అన్నారు.

ప్రభుత్వ న్యాయవాది లేచాడు. "డాక్టరుగారూ, నేనూ కొంత చదువుకుని వచ్చాను. పరమాణు భారం అంటే ఆ అన్నదమ్ములందరి సగటు. అవునా?"

"సాధారణంగా అవును. క్లోరిన్‌ది 35.45. అంత బరువున్న క్లోరిన్ పరమాణువు ఒక్కటి కూడా ఉండదు. 35లూ 37లూ కలిసిన సగటు అది."

"చాలు. అయితే 58.93 కూడా సగటే. సగటులో కొన్ని తక్కువవి, కొన్ని ఎక్కువవి ఉంటాయి. ఆ ఎక్కువవాటిలో అరవై లేదని ఎవరు హామీ ఇస్తారు?"

అమ్మా, ఈ ప్రశ్న నేను ఊహించలేదు. ఇంతకుముందు తామూతో "ఏం భయం లేదు" అన్నదాన్ని, ఆమెవైపు చూడలేక నేల చూశాను.

డాక్టరమ్మ మాత్రం మంచినీళ్ళు తాగి, తాపీగా చెప్పారు. "మంచి ప్రశ్న. వేరే మూలకమైతే ఆలోచించాల్సిందే. కానీ కోబాల్ట్ ఇంట్లో ప్రకృతి కన్నది ఒక్కడినే, 59ని. ఇంకొకడు లేడు. ఒక్కడే ఉన్న ఇంట్లో సగటేమిటి?"

"మరి చీటీ మీద యాభై తొమ్మిది అని ఎందుకు లేదు? ఆ కాస్త తక్కువ ఎందుకు?"

"59 అనేది లెక్క. ఆ పరమాణువు నడిమి గింజలో ఎన్ని కణాలున్నాయో లెక్కపెడితే వచ్చే అంకె, దాన్ని ద్రవ్యరాశి సంఖ్య అంటాం. 58.93 అనేది తూకం. ఆ కణాలు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉండటానికి తమ బరువులో రవ్వంత ఖర్చుపెట్టుకుంటాయి. అందుకే తూకం లెక్కకంటే కాస్త తగ్గింది. అభియోగపత్రంలో తూకాన్ని తీసుకెళ్ళి లెక్క ఉండాల్సిన చోట రాశారు. అదీ 58.93ని అరవైకి పెంచి మరీ."

జడ్జిగారు ప్రభుత్వ న్యాయవాదివైపు తిరిగి, "లెక్కా తూకమూ ఒకటి కావని బజారులో ఒక్కసారి నారింజలు కొన్నా తెలుస్తుంది కదా" అన్నారు. కోర్టంతా నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వి, కూర్చోకుండా, "అయ్యా, డబ్బా తెరిపించి పరీక్ష చేయించండి. నాకు అభ్యంతరం లేదు. ఇది మొదటే జరగాల్సింది" అన్నాడు. ఆ మాట అన్నందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మర్నాడు కోర్టు వెనక పెరట్లో డబ్బా దించారు. జనం గోడకు అంటుకుపోయి నిలబడ్డారు. డాక్టరమ్మ చేతితొడుగులు వేసుకుని ముక్కుకు గుడ్డ కట్టుకోగానే, "చూశారా, ఆవిడ కూడా భయపడుతోంది!" అని ఎవరో అరిచారు.

"పొడి ఏదైనా ఊపిరితిత్తుల్లోకి పోతే మంచిది కాదు నాయనా. గోధుమపిండైనా సరే. కుండల మాలెంలకు కూడా ఈ మాటే చెబుతున్నాను, గుడ్డ కట్టుకోండి" అన్నారావిడ. "ఇక భయం సంగతా? ఈ డబ్బాలో ఉన్నదంతా ఆ అరవయ్యే అయితే, దీన్ని ఓడలోంచి మోసినవాడు రేవు గేటు దాటేవాడే కాదు."

మూత తీసి, లోపల నల్లటి పొడి మీద రేడియేషన్ కొలిచే పరికరం పెట్టారు. అంతకుముందు ఏమీ లేని గోడ దగ్గర పెట్టినప్పుడు ఎలా టిక్కుటిక్కుమందో, పొడి మీదా అలాగే నెమ్మదిగా టిక్కుటిక్కుమంది. జనం గోడ దగ్గర్నుంచి కదల్లేదు. తామూ మాత్రం గోడ దగ్గర్నుంచి నడిచి వచ్చి డాక్టరమ్మ పక్కన నిలబడింది. తన భర్త పొడిని తను నమ్ముతున్నానని అందరూ చూడాలని కాబోలు. కాసేపటికి ప్రభుత్వ న్యాయవాది వచ్చి తామూ పక్కన నిలబడ్డాడు.

మాలెంను ఆ వారమే నిర్దోషిగా వదిలేశారు. తీర్పులో జడ్జిగారు, ఇకమీదట ఇలాంటి కేసుల్లో మూలకం పేరు ఒక్కటే రాస్తే చాలదని, ఏ ఐసోటోపో, ఏ పరీక్షతో తేలిందో రాయకపోతే అభియోగపత్రం తీసుకోనని రాశారు. ఆ వాక్యం నేను చాలాసార్లు చదువుకున్నాను. వీధి పొయ్యివాడు తామూ ఇంటికి తనే వచ్చి రొట్టెల పలక అడిగి తీసుకెళ్ళాడు. ఆమె అతణ్ణి కాసేపు గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడిందట, తర్వాత ఇచ్చిందట.

ఇప్పుడు నీ మొదటి ప్రశ్న, అమ్మా.

ఫాద్మా, ఇక్కడ కొంచెం ఆగి, అమ్మ చేయి పట్టుకో. భయపడేది ఏమీ లేదు, అంతా అయిపోయిన విషయమే. పట్టుకుని చదువు.

పోయిన ఎండాకాలం రబాతులో శిక్షణ ఉందని రాశాను. శిక్షణ కాదు. నా గొంతులో గడ్డ వచ్చింది. థైరాయిడ్ గ్రంథిలో కేన్సర్. ఆపరేషన్ చేసి తీసేశారు. మిగిలిన కణాలను చంపడానికి ఒక గుళిక ఇచ్చారు. ఆ గుళికలో అయోడిన్ ఉంది. డాక్టర్ తాజీ నాకు అక్కడే పరిచయం. "అయోడినా? అది మా ఇంట్లో ఉప్పులో ఉంటుందిగా" అన్నాను నేను. "ఉప్పులో ఉన్నది 127. ఇది 131, దీనిలోంచి కిరణాలు వస్తాయి. అదీ తేడా. మీ గొంతు రెంటికీ తేడా తెలియక దీన్నీ ఇష్టంగా పీల్చుకుంటుంది, అదే మాకు కావాలి" అన్నారావిడ. సీసం పలకలు తాపడం చేసిన గదిలో ఒంటరిగా ఉంచారు. అన్నం తలుపు దగ్గర పెట్టి వెళ్ళేవారు. బయటికి పంపేటప్పుడు, కొన్నాళ్ళు ఎవరికీ దగ్గరగా ఎక్కువసేపు కూర్చోవద్దన్నారు. గర్భిణుల దగ్గరికి, చంటిపిల్లల దగ్గరికి ఇంకా కొన్ని వారాలు అసలు వెళ్ళవద్దన్నారు.

అదే వారం ఫాద్మా ప్రసవించింది.

నేను రాకపోవడానికి కోర్టు కారణం కాదమ్మా. ఆ కాస్త దూరం పాటించడమే చంటిదానికి నేను ఇవ్వగలిగిన కానుక అనుకున్నాను. నువ్వు వాకిట్లో నిలబడి చూసిన ఆ పొద్దున, నేనిక్కడ వంటగదిలో కూర్చుని, ఇప్పుడు మేక కోసి ఉంటారు, ఇప్పుడు పేరు పిలిచి ఉంటారు అని ఊహించుకుంటూ ఏడ్చాను. బ్రాహిం అవతలి గదిలోంచి "నేనూ ఏడుస్తున్నా, నువ్వొక్కదానివే అనుకోకు" అన్నాడు. నీకు చెప్పవద్దన్నది నేనే. అల్లుడి మీద కోపం పెట్టుకోకు. చెబుదాం చెబుదాం అని రోజూ గొడవపెట్టాడు. నాన్న చనిపోయిన ఏడాదిలోనే నీకు ఇంకొక భయం ఇవ్వలేకపోయాను.

జైలులో కుర్చీ వెనక్కి జరుపుకున్నది కూడా ఆ వారాల్లోనే.

ఈ ఉత్తరం రాయడానికి కారణం కూడా మాలెమే. నీకంటే ముందు ఆయనకు చెప్పాను, దానికి నన్ను క్షమించు. విడుదలయ్యాక నన్నూ బ్రాహిమ్‌నూ భోజనానికి పిలిచాడు. కుస్‌కుస్ మధ్యలో నాకు మనసాగక, ఆ రోజు కుర్చీ ఎందుకు జరుపుకున్నానో చెప్పేశాను. ఆయన చెంచా కింద పెట్టాడు.

"అంటే... ఆ గదిలో నిజంగా రేడియోధార్మికత ఉన్నది ఒక్కరికే. అది నేను కాదు, మీరు!"

"అవును మాలెం."

"తామూ, విన్నావా? నన్నేమో జైల్లో పెట్టారు, ఈవిడకేమో నల్లకోటు తొడిగి నన్ను విడిపించమన్నారు!"

అని నవ్వు మొదలుపెట్టాడు. ఆ నవ్వు దగ్గులోకి దిగింది, దగ్గు కన్నీళ్ళలోకి దిగింది. తామూ ఆయన వీపు తడుతూ తనూ నవ్వింది. జబ్బు వచ్చిన దగ్గర్నుంచీ దాని గురించి నేను నవ్వడం అదే మొదలు. తర్వాత ఆయన ముఖం తుడుచుకుని అడిగాడు.

"మీ అమ్మగారికి తెలుసా?"

"లేదు. భయపడుతుందని చెప్పలేదు."

"వకీలమ్మా, తప్పుగా అనుకోకండి. నేను లోపలున్నప్పుడు ఈ తామూ ప్రతి ములాఖత్‌కూ వచ్చి అన్నీ చెప్పేది. రొట్టె సంగతి, పగిలిన పళ్ళెం సంగతి, ఏదీ దాచలేదు. విని ఏడ్చేవాణ్ణి. కానీ బయట నా ఇల్లు ఇంకా నాదేనని తెలిసేది. అంతా బాగుందని చెప్పి ఉంటే నేను అక్కడే ఒంటరిగా చచ్చేవాణ్ణి. మీ అమ్మగారిని మీరు గది బయట నిలబెట్టారు. లోపలికి పిలవండి."

అమ్మా, అందుకే రాస్తున్నాను.

పోయిన మంగళవారం మళ్ళీ రబాతు వెళ్ళి పరీక్షలు చేయించుకున్నాను. ఎక్కడా ఏమీ మిగల్లేదన్నారు. రోజూ పొద్దున్నే ఒక చిన్న మాత్ర వేసుకోవాలి, బతికున్నన్నాళ్ళూ. అంతే. ఇప్పుడు నేను ఎవరి పక్కనైనా ఎంతసేపైనా కూర్చోవచ్చు. డాక్టరమ్మకు, ఆపరేషన్ చేసిన చేతులకు, తలుపు దగ్గర అన్నం పెట్టి "తినమ్మా, చల్లారిపోతుంది" అని బయటినుంచే మాట్లాడిన నర్సుకు, గొడవపెడుతూనే మాట నిలబెట్టుకున్న బ్రాహిమ్‌కు, నేను రోజూ పేరు పేరునా దుఆ చేస్తున్నాను. నీ దుఆల సంగతి వేరు. నీకు జబ్బు పేరే తెలియదు. అయినా ఫాద్మా రాసేది, అమ్మ ప్రతి నమాజులోనూ ముందు నీ పేరే తీస్తోంది, ఎందుకో అడిగితే తెలియదంటోంది అని. ఆ వాక్యం చదివిన రోజు నేను ఉత్తరం మడిచి, గొంతు మీద పెట్టుకుని పడుకున్నాను.

వచ్చే బుధవారం బస్సుకు బ్రాహిమూ నేనూ బయల్దేరుతున్నాం. కొట్టాలనిపిస్తే కొట్టు, నీ చేతికి అందేంత దగ్గరలోనే కూర్చుంటాను. మెడ మీది గుడ్డ తీసి మచ్చ చూపిస్తాను. సన్నగా గీత గీసినట్టుంది. నువ్వు నీ వేలితో తడిమి చూసుకో. నీకు అడగాలని ఉన్నవన్నీ అడుగు. ఈసారి ఏ ప్రశ్నకూ కోర్టులో పని ఉందని చెప్పను.

ఇట్లు,
నీ చేయి కోసం బయల్దేరుతున్న నీ పెద్దకూతురు
రఖియా